కణంలో క్రాప్ హాలిడే

(రాజమహేంద్రవరంలోని స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: కణ జీవశాస్త్ర ఆచార్యురాలు, భీమవరంలో ప్రాక్టీసు చేస్తున్న మధుమేహ వైద్యుడు, కోనసీమ వరి రైతు.)

సమన్వయకర్త: నమస్కారం. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెలువరించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. మేడమ్, ఈ జబ్బు సంగతి తెలియాలంటే కణం లోపలికి వెళ్లాలంటారు మీరు. ఎందుకు?

ఆచార్యురాలు: తిండిని నేనేమీ నిర్దోషిగా వదిలిపెట్టడం లేదండి. అయితే తిన్న తిండికీ వచ్చిన జబ్బుకూ నడుమ జరిగేదంతా కణంలోనే జరుగుతుంది. క్లోమంలోని ఒక్కో బీటా కణం నిమిషానికి సుమారు 10 లక్షల ఇన్సులిన్ అణువులను తయారు చేయగలదు. గొలుసులా పుట్టిన ఆ అణువు అంతర్జీవద్రవ్యజాలం అనే పొరల అరల్లో తీరుగా మడతపడి, మూడు గంధకపు బంధాలు బిగుసుకున్నాకే పనికివస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ అరలు ఆత్రేయపురం పూతరేకు మడతల్లా పల్చగా, ఒకదానిపై ఒకటి పరుచుకుని కనిపిస్తాయి. మడతపడని ప్రోటీన్లు పేరుకుపోయినప్పుడు అవే ఉబ్బి సంచుల్లా తయారవుతాయి. ఈ స్థితినే కణంలో ఒత్తిడి అంటాం. మధుమేహం గురించి చెబుతూ పూతరేకును తెచ్చినందుకు డాక్టరు గారు మన్నించాలి.

వైద్యుడు: పోలికలో పంచదార లేదు కనుక అభ్యంతరం లేదండి.

రైతు: కాలువ నీరు వస్తూనే ఉండి, మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడుకుపోతే మా చేలు ముంపులో పడతాయి. ఇదీ అలాంటిదేనా అమ్మా?

ఆచార్యురాలు: అచ్చంగా అలాంటిదేనండి. అప్పుడు పెర్క్ అనే ప్రోటీన్ తూము దించినట్టుగా కొత్త తయారీని తగ్గిస్తుంది. ఐఆర్‌ఈ1, ఏటీఎఫ్6 అనే మరో రెండు, మడతపెట్టే సహాయక ప్రోటీన్లను పెంచి, చెడిపోయినవి బయటికి పోయే దారిని వెడల్పు చేస్తాయి. 1993లో ఈస్ట్ కణాల్లో ఈ ఏర్పాటు ఆనవాళ్లు పట్టుకున్న కజుతోషి మోరి, పీటర్ వాల్టర్‌లకు 2014లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం వచ్చింది. 2011లో కోనసీమ రైతులు పంట వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు కదా, పెర్క్ ప్రకటించేదీ అదే. పెర్క్‌ను తయారు చేసే జన్యువు దెబ్బతిని పుట్టిన పిల్లలకు పసితనంలోనే మధుమేహం వస్తుందని 2000లో తేలింది. అంటే ఆ విరామం లేకపోతే బీటా కణం బతకదు. అలాగని ఒత్తిడి ఎంతకూ తగ్గకుండా విరామమే శాశ్వతమైతే, కాపాడవలసిన ఏర్పాటే కణాన్ని చావు వైపు నెడుతుంది.

రైతు: ఒక్క కారు పంట మానుకుంటే తట్టుకున్నాం. ఏటా అయితే ఊరు ఖాళీ అయ్యేది.

సమన్వయకర్త: స్థూలకాయంతో సంబంధం ఎలా బయటపడింది?

ఆచార్యురాలు: 2004లో హార్వర్డ్‌లో గోఖాన్ హోటామిష్లిగిల్ బృందం, కొవ్వు మేపి లావెక్కించిన ఎలుకల కాలేయంలోనూ కొవ్వు కణజాలంలోనూ ఈ ఒత్తిడి గుర్తులను చూసింది. ఐఆర్‌ఈ1 జేఎన్‌కే అనే ఎంజైమును ఉసిగొల్పుతుంది. అది ఇన్సులిన్ సంకేతాన్ని మోసే ప్రోటీనుకు తగలకూడని చోట ఫాస్ఫేటు తగిలిస్తుంది. దాంతో ఇన్సులిన్ వచ్చి గుమ్మంలో నిలబడినా కణం పలకదు. ఆ ఫాస్ఫేటు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. 1929లో అదే హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఏటీపీని వేరుచేసినది డాక్టరు గారి ఊళ్లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే.

వైద్యుడు: మా ఊరి పేరు చెప్పి మెత్తబరిచినా నా ఫిర్యాదు నాకుంది. ‘ఒత్తిడి’ అనే మాట వినగానే జనం మనసు ఒత్తిడి అనుకుంటున్నారు. ధ్యానం మొదలుపెట్టాం, మాత్రలు మానేశాం అని వచ్చేవారిని నేను వారంవారం చూస్తున్నాను. పైగా ఎలుకలో కనబడినదంతా మనిషిలో మందు కాదు.

ఆచార్యురాలు: ఒప్పుకుంటాను. టీయూడీసీఏ అనే పిత్తామ్లం 2006లో ఎలుకల్లో చక్కెరను అదుపులోకి తెచ్చింది. 2010లో స్థూలకాయులైన 20 మందితో నాలుగు వారాలు జరిపిన పరీక్షలో, దాన్ని వాడినవారి కాలేయం, కండరాలు ఇన్సులిన్‌కు సుమారు 30 శాతం మెరుగ్గా స్పందించాయి. కానీ కండరంలోనూ కొవ్వులోనూ కొలిచిన ఒత్తిడి గుర్తులు మాత్రం మారలేదు. మేలు జరిగింది సరే, మేము అనుకున్న దారిలోనే జరిగిందా అన్నది ఆ పరీక్ష తేల్చలేదు. అందుకే దాన్ని కొని వాడమని నేను ఎవరికీ చెప్పను.

రైతు: డాక్టరు గారూ, ఇందాక మీరు చెప్పిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. కోతల రోజుల్లో ఒళ్లు తేలిగ్గా ఉందని మెట్‌ఫార్మిన్ అనే చక్కెర మాత్ర మానేశాను, రెండు నెలలైంది.

వైద్యుడు: రేపు ఒకసారి రండి. హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపున రావలసిన పని లేదు, టిఫిను చేసే రావచ్చు. రెండు మూడు నెలల సరాసరి అందులో తెలుస్తుంది, కాబట్టి ఈ ఒక్క రాత్రి అన్నం మానేసి వచ్చినా లాభం లేదు.