కొసరి వడ్డించే ముందు

శ్రోతలకు నమస్కారం. లావైపోతామన్న భయంతో తిండి మానేసే పిల్లల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. అది మొండితనం కాదు, జబ్బు. అనొరెక్సియా అంటారు. నాడి నెమ్మదిస్తుంది, నెలసరి ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. తిన్నది కక్కేసే వాళ్లకైతే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. అన్నీ చెప్పడానికి నాకిచ్చిన టైం చాలదు. ఒక్కటి చెబుతాను.

నాకు తెలిసిన అమ్మాయి, ఊరు పాకాల దగ్గర. తిరుపతి హాస్టల్లో ఇంటర్ చదివేది. సన్నబడిన కొత్తలో ‘భలే ఉన్నావే’ అని మెచ్చుకున్నది మనవాళ్లే. దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. వీపు మీద పసిబిడ్డకున్నట్టు నూగు.

అవ్వ ఊరుకుంటుందా? రాగి సంగటి, కోడి పులుసు, పైన బెల్లం పాయసం. ‘తినమ్మీ, ఇంకో ముద్ద’ అని కొసరి కొసరి పెట్టింది. ఇంట్లో అందరూ ఏడుస్తుంటే కాదనలేక ఆ పిల్లా తినింది. మూడో రోజుకు పాదాలు వాచాయి. మిద్దె మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ. ‘తిండి ఒంటికి పడుతోందిలే’ అనుకున్నారు. వాళ్ల చిన్నాయన మాత్రం వినకుండా తిరుపతి ఆస్పత్రికి తీసుకొచ్చాడు. రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం బాగా పడిపోయింది.

జరిగిందేమిటంటే, పస్తులకు అలవాటుపడిన ఒంట్లో ఒక్కసారిగా అన్నం, తీపి పడితే ఇన్సులిన్ ఎగబాకుతుంది. రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె, ఊపిరి పీల్చే కండరాలు నీరసించిపోతాయి. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. 1945లో రెండో ప్రపంచ యుద్ధపు నిర్బంధ శిబిరాల్లో ఆకలికి మాడి బయటపడిన వాళ్లలో కొందరు, పాపం, తిండి దొరికాకే చనిపోయారు.

ఆ అమ్మాయికి బి1 విటమిన్, ఫాస్ఫేట్ ఇస్తూ, తిండి కొలిచి కొంచెం కొంచెం పెంచారు. కోలుకుంది.

పెట్టొద్దనడం లేదు. ఒక్కసారిగా పెట్టొద్దంటున్నాను. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని బిడ్డనైనా, కొన్ని నెలల్లోనే బాగా చిక్కిపోయిన బిడ్డనైనా ముందు డాక్టరుకు చూపించండి. ఈసీజీ తీయించండి. మామూలు రక్తపరీక్షల్లో చాలాసార్లు ఫాస్ఫేట్ ఉండదు, అడిగి చేయించండి. మొదటిరోజు బాగున్నా, తిండి మొదలయ్యాక మళ్లీ మళ్లీ చూడాల్సిందే. బిడ్డ మనసులోని భయం గురించి మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.