పరుపుకు వయసెంత?

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మమ్మ ఇంట్లో పరుపు మార్చడం అనే మాట నేనెప్పుడూ వినలేదు. ఏకించడమే. రెండు మూడేళ్లకోసారి, సంక్రాంతి ముందు, భుజాన నిలువెత్తు విల్లుతో దూదేకుల తాత వచ్చేవాడు. నారి టంగుమని మోగగానే వీధి పిల్లలందరం అరుగు మీద చేరేవాళ్లం. పరుపు కుట్లు విప్పితే దూదంతా ఉండలు కట్టి, అట్టలా అణిగిపోయి ఉండేది. దాని మీద నారి ఆనించి చెక్కతో మీటుతుంటే ఆ ఉండలన్నీ విచ్చుకుని, పొంగిన పాలలా పైకి లేచేవి. తరిగిన మేరకు ఓ రెండు కిలోల కొత్త దూది కలిపి, ఉతికి ఆరేసిన చారల గుడ్డలో నింపి, దబ్బనంతో కుట్టేసరికి పొద్దు వాలేది. ఆ రాత్రి ఆ పరుపు మీద ఎవరు పడుకోవాలన్నది పిల్లల్లో పెద్ద గొడవ.

ఇంతటి పనితనం ఉన్నవాళ్ల పేరును మనం ఏం చేశాం? పింజారీ అంటే దూది ఏకేవాడనే అర్థం. దాన్ని తిట్టు చేసుకున్నాం. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య ఆ దూదేకుల ఇంటి బిడ్డే. సరే, మళ్లీ పరుపు దగ్గరికి వద్దాం.

పరుపు ఎన్నేళ్లు ఉంటుందన్న ప్రశ్న షాపు పరుపుతో పాటే మన ఇళ్లలోకి వచ్చింది. పత్తి దూదికి ఆ లెక్క అక్కర్లేదు, ఏకిన ప్రతిసారీ దానికి వయసు తగ్గుతుంది. బూరుగు దూది అలా కాదు. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది గానీ దాని పోగు పెళుసు. కొన్నేళ్లకు పొడి అవుతుంది, ఏకినా తిరిగిరాదు. ఇక ఫోమ్‌లో ఉండేవి సన్నటి గాలి గదులు. రాత్రికి ఏడు గంటల చొప్పున పదేళ్లు పడుకున్నామంటే పాతిక వేల గంటల పైమాటే. అంత సేపు మన బరువు మోసి ఆ గదుల గోడలు ఒక్కొక్కటే చితికిపోతాయి. చితికిన ఫోమ్‌ను ఏకే విల్లు ఎక్కడా లేదు.

ఉజ్జాయింపు లెక్క కావాలంటే చెబుతాను. రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పరుపు ఐదు నుంచి ఏడేళ్లు. మామూలు ఫోమ్ కూడా ఇంచుమించు అంతే, మంచి రకమైతే ఎనిమిది. స్ప్రింగు పరుపు ఏడు నుంచి పదేళ్లు. రబ్బరు చెట్టు పాలతో చేసే అసలు సిసలు లేటెక్స్ పదేళ్లు దాటి కూడా ఉంటుంది. ఒంటరిగా పడుకునేవాళ్లకు, పిల్లలు ఎగిరి దూకే ఇంటికి ఒకే లెక్క సరిపోదని మీకు నేను చెప్పక్కర్లేదు.

వారంటీ కార్డు మీద పదేళ్లని ఉంటుంది కదా అంటారు. మేమూ ఆ కార్డును నమ్మినవాళ్లమే. ఐదో ఏటికల్లా మా పరుపు మధ్యలో ఒక లోయ పడింది. మా ఆయన ఆ చివర, నేను ఈ చివర పడుకున్నా తెల్లారేసరికి ఇద్దరం లోయలోనే. ఫోన్ చేస్తే కంపెనీ కుర్రాడు స్కేలు, పురికొస పట్టుకుని వచ్చాడు. ఈ అంచు నుంచి ఆ అంచుకు పురికొస బిగించి, లోతు కొలిచాడు. "ఒక అంగుళమే ఉందండీ మేడం, అంగుళంన్నర ఉంటేనే వారంటీ" అన్నాడు. మీ నడుం నొప్పి సంగతేమిటని ఆ కార్డులో ఏ గడిలోనూ లేదు. వారంటీ తయారీలో లోపానికి మాత్రమే. వాడకంలో మెత్తబడడం లోపం కిందికి రాదు. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది, మేం చదవలేదు.

ఆ కుర్రాడి పురికొస విద్య మాత్రం నాకు నచ్చింది. మీరూ చేసుకోవచ్చు. దుప్పటి తీసేసి, దారం బిగించి, స్కేలు పెట్టి చూడండి. ఎవరూ పడుకోనప్పుడే అంగుళం లోతుంటే, పడుకున్నాక ఎంతో ఊహించండి. కాకపోతే ముందు పరుపు ఎత్తి మంచం చెక్క చూడండి. కొన్నిసార్లు వంగింది చెక్కే, తిట్లు పరుపుకు. పీచు పరుపు అయితే ఆ చెక్క మీద ఎర్రటి పొడి రాలుతోందా అన్నది కూడా చూడండి. రాలుతుంటే దాని పని అయిపోవచ్చినట్టే.

వీటన్నిటికన్నా నేను నమ్మే పరీక్ష ఇంకొకటుంది. పెళ్లికో పేరంటానికో వెళ్లి చుట్టాలింట్లో కింద చాప మీద పడుకుని, హాయిగా లేచారనుకోండి. ఇంటికొచ్చి సొంత పరుపు మీద పడుకుంటే మళ్లీ పొద్దున్నే నడుం పట్టేసింది. కాసేపు అటూ ఇటూ తిరిగితే సర్దుకుంది. అప్పుడు అనుమానించాల్సింది పరుపునే. నొప్పి రోజంతా ఉన్నా, కాలిలోకి తిమ్మిరి దిగినా అది డాక్టరు చూడాల్సిన విషయం.

నడుం నొప్పనగానే గట్టి పరుపు కొనమంటారు, చెక్క మీద పడుకోమంటారు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని, కొందరికి గట్టి పరుపులు, కొందరికి మరీ గట్టిగా, మరీ మెత్తగా కాని మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం కనిపించింది.

కొత్తది కొనేటప్పుడు షాపులో డెన్సిటీ అనే మాట వింటారు. అది ఎక్కువైతే గట్టి పరుపని చాలామంది అనుకుంటారు, కొందరు అమ్మేవాళ్లు కూడా. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. ఎక్కువ తూగే ఫోమ్ సాధారణంగా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న పూర్తి ఫోమ్ పరుపు 32 డెన్సిటీ అయితే, పై గుడ్డ కాక, పదమూడున్నర కిలోలు ఉండాలి. 40 అయితే 17 కిలోలు. బియ్యం బస్తా తూచి కొనేవాళ్లం, వేలు పోసి కొనే పరుపును తూచమని అడగడానికి మొహమాటమెందుకు?

ఇంకో చిన్న మాట. దూది పరుపును ఎండలో వేయడం మనకు అలవాటు, దూదికి అది మంచిదే. ఫోమ్, లేటెక్స్‌లను మాత్రం మండుటెండలో పడేయకండి, పసుపెక్కి పొడిబారతాయి. గాలి ఆడే నీడ చాలు. మూడు నెలలకోసారి తలవైపు కాళ్లవైపుకు తిప్పండి. వానాకాలంలో నేల మీద పరిచి వదిలేస్తే అడుగున బూజు ఖాయం.

చివరికి మా లోయ పరుపు ఏమైందంటారా? వాచ్‌మన్‌కు ఇచ్చేద్దామన్నారు మా ఆయన. మన నడుం విరగ్గొట్టినదాన్ని ఆయన నడుం కిందికి పంపుతామా అన్నాను. పెరట్లో కాల్చేద్దామని మా అబ్బాయి సలహా. ఫోమ్ కాలితే వచ్చేది విషపు పొగ, అది అసలే వద్దు. ఆఖరికి కత్తిపీట ముందేసుకుని ముగ్గురం ముక్కలు కోశాం. అంచుల్లో ఫోమ్ ఇంకా బాగానే ఉంది, దాంతో కుర్చీలకు నాలుగు మెత్తలు వచ్చాయి. మధ్యలోది చెత్తబండికి వేశాం. ఆ బండి అబ్బాయి రెండు వాయిదాల్లో తీసుకెళ్లాడు.

నమస్కారం.