కంటికి కట్టు కాదు, కప్పు
(సైనిక వైద్య సిబ్బంది సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, సైనిక వైద్య సిబ్బందికి నమస్కారం. నాకిచ్చిన అంశం యుద్ధంలో కంటి గాయాలు, చికిత్స, చూపు ఫలితాలు. ఆపరేషన్ల స్లైడ్లు చాలానే ఉన్నాయి. కానీ ఈ గదిలో ఎక్కువమంది గాయపడ్డవాణ్ణి మొదట చూసేవాళ్లు. కన్ను నిలిచేదీ పోయేదీ చాలావరకు అక్కడే తేలుతుంది. అందుకని ముందు మీ పని గురించే మాట్లాడతాను.

పేలుడులో ఎగిరిన ఇనప తునక కనుగుడ్డును చీల్చిందనుకోండి. రక్తం కారుతోందని దూది పెట్టి బిగించి కట్టేస్తారు. కాలి గాయానికి ప్రాణం నిలిపే ఆ కట్టే కంటిని తీసేస్తుంది. చిల్లుపడ్డ గుడ్డు మీద ఒత్తిడి పడితే కంటి లోపలి జెల్లీలాంటి విట్రియస్, కంటిపాప చుట్టూ ఉండే రంగుపొర ఐరిస్, ఒక్కోసారి వెనకున్న చూపుపొర రెటీనా కూడా గాయంలోంచి బయటికి వచ్చేస్తాయి. దయచేసి ఒత్తొద్దు. రెప్ప విప్పి చూడాలన్నా సరే, ఒత్తొద్దు.

కనుగుడ్డును తాకకుండా కప్పే గట్టి షీల్డు పెట్టండి. దాని అంచు పైన కనుబొమ ఎముక మీద, కింద చెంప ఎముక మీద ఆనాలి. లోపల దూది ఉండకూడదు. షీల్డు లేకపోతే కాగితం కప్పు అడుగుభాగం కత్తిరించి ప్లాస్టర్‌తో అతికించండి. గుచ్చుకున్న తునకను లాగొద్దు, ఆయింట్‌మెంట్ రాయొద్దు. బాగున్న రెండో కన్ను మూయొద్దు, ఆ చూపుతోనే అతను నడిచి రాగలడు. మింగగలిగితే మాక్సిఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 400 మిల్లీగ్రాములు ఇవ్వండి. వాంతి చేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి వాంతిని ఆపే ఒండాన్‌సెట్రాన్ ఇవ్వండి. రసాయనం పడ్డ కంటికి మాత్రం ముందు నీళ్లతో కడగడమే.

షీల్డు పెట్టేముందు చూపు పరీక్షించండి. అక్షరాలు చదవగలడా, వేళ్లు లెక్కపెట్టగలడా, చెయ్యి కదలిక తెలుస్తోందా, కనీసం వెలుగైనా తెలుస్తోందా? టైముతో సహా కార్డు మీద రాయండి. చివరికి చూపు ఎంత మిగులుతుందో అంచనా వేసే ఓక్యులర్ ట్రామా స్కోరు మొదలయ్యేది ఆ చూపుతోనే. చెయ్యి కదలిక మాత్రమే తెలిస్తే 70. తునక గుడ్డులో దూరి అవతలికి వెళ్లిపోతే 14, రెటీనా ఊడితే 11, కంటిపాప వెలుగుకు సరిగా స్పందించకపోతే 10 తీసేయాలి. మిగిలేది 35. 44 లోపు స్కోరున్న కళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులకు వెలుగు కూడా మిగలదు. 92 లేదా అంతకన్నా ఎక్కువుంటే పదింట తొమ్మిది కళ్లకు 20/40 (మామూలు చూపున్నవారు 40 అడుగుల నుంచి చదివేది 20 అడుగుల నుంచి చదవగలగడం) లేదా అంతకన్నా మంచి చూపు దక్కుతుంది.

ఇక ఆపరేషన్. క్లుప్తంగానే చెబుతాను. తునక ఉందనే అనుమానం ఉంటే సీటీ తీయించండి, ఎంఆర్ఐ వద్దు. ఇనుము అయితే అయస్కాంతానికి లోపలే కదిలి మరింత చీలుస్తుంది. చీలికను 24 గంటల్లోపు మూయాలి: కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకు సన్నని 10-0 నైలాన్ దారం, తెల్లగుడ్డుకు కాస్త లావైన 8-0. రెటీనా ఊడితే విట్రియస్‌ను తీసేసే ఆపరేషన్, అంటే విట్రెక్టమీ, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో చేస్తారు. అంతా బాగా అతికించాక కూడా మచ్చపొరలు పెరిగి రెటీనాను మళ్లీ లాగేస్తాయి. మంచి ఆపరేషన్ తర్వాతా చూపు పోవడానికి ఎక్కువగా అదే కారణం. మొదటిరోజు వెలుగు తెలియలేదని గుడ్డును తీసేయడానికి తొందరపడొద్దు. మత్తులో ఉన్నవాడి జవాబును, రక్తం నిండిన కంటిని చూసి అప్పుడే తీర్పు చెప్పలేం.

స్లైడ్లు ఇంతటితో చాలు. మీ ముందున్న షీల్డు తీసుకుని పక్కవారికి పెట్టండి. అంచు ఎముక మీద ఆనిందో లేదో వేలితో తడిమి చూడండి.