కోర్వో: నాలుగు వందల మంది కూడా లేని పురపాలిక

సభకు నమస్కారం.

స్థానిక పాలన గురించి మాట్లాడమని పిలిచారు. నిధులు, విధులు, అధికారాలు అనే మాటలు మీరు ఇప్పటికే చాలా సభల్లో విని ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. అట్లాంటిక్ మహాసముద్రం నడుమ ఉన్న ఒక ఊరి సంగతి చెబుతాను.

పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులు తొమ్మిది. వాటిలో అన్నిటికన్నా చిన్నది కోర్వో. విస్తీర్ణం 17 చదరపు కిలోమీటర్లు. దీవంతా ఒకే అగ్నిపర్వతం. దాని శిఖరం ఎప్పుడో కుంగిపోయి, సుమారు రెండు కిలోమీటర్ల వెడల్పున పెద్ద గుంట ఏర్పడింది. అడుగున నీటి మడుగు, చుట్టూ పచ్చిక, మేసే ఆవులు. మనుషులు మాత్రం దక్షిణపు కొసన, లావా పారి గట్టిపడిన కాస్తంత చదును నేల మీద ఉంటారు. దీవి మొత్తానికి ఊరు అదొక్కటే. 2021 జనాభా లెక్కల్లో తేలినవారు 384 మంది. మన నగరాల్లో ఒక మోస్తరు అపార్ట్‌మెంట్ సముదాయంలో అంతకన్నా ఎక్కువ మందే ఉంటారు.

అయినా అది పూర్తి స్థాయి పురపాలిక. పోర్చుగల్‌లో ఇలాంటివి 308 ఉన్నాయి. ప్రతి పురపాలిక కింద ఫ్రెగెజియా అనే ఇంకా చిన్న పాలనా విభాగాలు ఉంటాయి. కోర్వోలో మాత్రమే అవి లేవు. ఆ పనులన్నీ పురపాలికే చూసుకుంటుంది. ఉన్నదే ఒక ఊరు, దానికి రెండు కార్యాలయాలు ఎందుకని అనుకున్నారు. చట్టాలు చేసేవారికి అప్పుడప్పుడు ఇలాంటి తెలివి కూడా కలుగుతుంది.

ఈ హోదా 1832లో వచ్చింది. దాని వెనుక ఒక శిస్తు కథ ఉంది. కోర్వో రైతులు దీవి మీద హక్కున్న దొరలకు ఏటా 40 మోయోల గోధుమలు, దానిపైన 80 వేల రెయిస్ నగదు చెల్లించేవారు. మోయో అనే ఆ పాత పోర్చుగీసు ధాన్యపు కొలత చిన్నదేమీ కాదు, వందల లీటర్లు పడుతుంది. పండిన గోధుమ పడవెక్కిపోతే, పండించినవాళ్లు ఝూన్సా గడ్డలు తవ్వుకుని, దంచి, ఆ పిండితో రొట్టెలు కాల్చుకునేవారు. ఝూన్సా అంటే మరేమీ కాదు, మన తుంగ జాతి మొక్క. పొలంలో తుంగ పీకి పీకి విసిగినవారు ఈ సభలో ఉంటే, దాని గడ్డలే రోజువారీ తిండి కావడం అంటే ఎలా ఉంటుందో వారికి నేను చెప్పనక్కరలేదు.

అప్పట్లో పోర్చుగల్ సింహాసనం కోసం ఇద్దరు అన్నదమ్ముల మధ్య యుద్ధం నడుస్తోంది. అన్న పేద్రో పక్షం ప్రభుత్వం అజోర్స్‌లోనే, తెర్సేరా దీవిలో కొలువు తీరింది. కోర్వో వాళ్లు అక్కడికి వెళ్లి అర్జీ పెట్టుకున్నారు. ఆర్థిక మంత్రి మోజిన్యో ద సిల్వేరా వారి మాట విన్నాడు. గోధుమ శిస్తు సగానికి తగ్గింది, నగదు శిస్తు పూర్తిగా రద్దయింది. అదే ఏడాది ఊరు పురపాలిక అయింది.

మోజిన్యో ఆ మనుషులను మరచిపోలేదు. తనను కోర్వో శ్మశానంలో పూడ్చాలని వీలునామాలో రాసుకున్నాడు. తాను బతికుండగా కృతజ్ఞత చూపే ధైర్యం చేసినవాళ్ల మధ్య, చచ్చాక పడుకోవాలని ఉందన్నాడు. మంత్రిగా చేసినవాడు అలా రాశాడంటే, మిగతావాళ్ల దగ్గర అతనికి ఎదురైన అనుభవమేమిటో ఊహించుకోవచ్చు. ఆ కోరిక తీరలేదు. 1849లో చనిపోయాక దేహం పోర్చుగల్ ప్రధాన భూభాగంలోనే ఉండిపోయింది. కోర్వోలోని బడికి మాత్రం అతని పేరే పెట్టుకున్నారు.

ఇప్పుడు అక్కడ ఆకలి లేదు కానీ దూరం ఉంది. 1983లో కట్టిన విమానాశ్రయం రన్‌వే 800 మీటర్లు, చిన్న విమానాలే దిగగలవు. ఆసుపత్రి కావాలంటే వేరే దీవికి వెళ్లాలి. చలికాలంలో సముద్రం పోటెత్తితే సరుకుల పడవ ఎప్పుడొస్తుందో చెప్పలేరు.

అజోర్స్ ప్రాంతీయ శాసనసభలో 57 సీట్లుంటే, అందులో రెండు కోర్వోవి. మొత్తం దీవుల మీద సగటున నాలుగు వేల పైచిలుకు జనానికి ఒక సభ్యుడు. కోర్వోలో 192 మందికి ఒకరు. తలలు లెక్కపెడితే ఇది అన్యాయమే. నేను మాత్రం దీన్ని సమర్థిస్తాను. జనాభా లెక్కనే సీట్లు పంచితే కోర్వోకు ఒక్కటీ రాదు; రేవు బాగుచేయమని అడగడానికి కూడా మళ్లీ అర్జీ పట్టుకుని సముద్రం దాటాల్సిందే. మీలో కొందరు ఒప్పుకోరని తెలుసు. వారి ప్రశ్నలతోనే మొదలుపెడదాం.