పాలపళ్ల గిత్త, సీనియర్ల బండ

(ఒంగోలులో జాతీయ క్రీడా దినోత్సవ సభలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ఈ రోజు హాకీ దిగ్గజం ధ్యాన్‌చంద్ జయంతి కాబట్టి ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. ఆయన 1905లో అలహాబాదులో పుట్టారు. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన జట్లలో ఆడారు. మిగతాది పిల్లలు వ్యాసరచన పోటీలో రాసేశారు. నేను వేరే సంగతి మాట్లాడతాను. పది రోజులుగా నన్ను ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "మాస్టారూ, మనవాడి పేరు హాకీ ఇండియా లీగ్ వేలానికి ఇప్పిద్దామా?"

మనవాడంటే ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. పేరు చెప్పను. మూడో వరుసలో కూర్చుని అప్పుడే తల వంచేసుకున్నాడు. వాళ్ల ఊరు కొత్తపట్నం వైపు. వయసు పదిహేడు. మిడ్‌ఫీల్డ్‌లో ఆడతాడు. బంతి వాడి స్టిక్‌కు అంటుకుంటే జిల్లాలో ఎవరూ లాక్కోలేరు. అది నిజమే, నేనే సాక్షిని.

అయినా ఒంగోలులో ఉండి మనం అడగాల్సిన ప్రశ్నేనా ఇది? సంక్రాంతికి, తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెడతాం. ముందు వయసు తేల్చడానికి గిత్త నోరు తెరిచి పళ్లు చూస్తాం. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లవి ఒకటి, నాలుగు, ఆరు, ఆ తర్వాతే సీనియర్లు. మూపురం ఎంత ఎత్తున్నా, నడక ఎంత ముచ్చటగా ఉన్నా, రెండు పళ్ల గిత్తను సీనియర్ల బండకు కట్టిన రైతును నేను చూడలేదు. బండ కదలదని కాదు. ఒక్కసారి అందరి ముందూ మోకాళ్ల మీద పడిందంటే ఆ గిత్త మళ్లీ కాడి చూస్తేనే బెదురుతుంది. పశువు విషయంలో ఉన్న ఈ ఓపిక పిల్లల దగ్గరకు వచ్చేసరికి ఎక్కడికి పోతుందో!

సరే, హాకీలో పళ్లు ఎక్కడ చూడాలి? ఆ మాట తేల్చుకుందామనే వాణ్ణి మొన్న చెన్నై తీసుకెళ్లాను. నీళ్లు చల్లిన నీలం టర్ఫ్ మీద, అంటే కృత్రిమ గడ్డి మైదానం మీద, రోజంతా ఆడించాను.

మన మైదానం మట్టి, గులకరాళ్లు. బంతి ఎటు ఎగురుతుందో తెలియదు కాబట్టి మన పిల్లలు స్టిక్‌ను నేలకు జానెడు పైన పెట్టుకుని, చూపు బంతి మీదే ఉంచి ఆడతారు. టర్ఫ్ మీద బంతి ఎగరదు. నేలను అంటుకుని పాములా వస్తుంది. వాడికి వచ్చిన మొదటి పాస్ చప్పుడు లేకుండా స్టిక్ కింద నుంచి జారిపోయింది. రెండోదీ అంతే. నాలుగోసారి వాడు స్టిక్‌ను తిప్పి చూసుకున్నాడు, దానికి ఎక్కడైనా చిల్లు పడిందేమోనన్నట్టు. మధ్యాహ్నానికి మోకాళ్లు వంచడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి స్టిక్‌ను చాపలా నేల మీద పరిచి బంతిని ఆపుతున్నాడు, తల కూడా పైకి లేచింది. ఒక పన్ను మొలిచిందనుకున్నాను.

రెండో పన్ను దగ్గరే చిక్కు వచ్చింది. అక్కడి పెద్ద కుర్రాళ్లతో మ్యాచ్ ఆడించాం. వీడు ఇద్దరిని తప్పించాడు, మూడోవాడు బంతి లాగేసుకున్నాడు. వీడు ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడ్డాడు. నేను లోలోపల లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. అప్పుడు కదిలాడు. ఈలోపు బంతి మన డి లోపలికి, అంటే గోలు ముందున్న అర్ధచంద్రపు గీత లోపలికి, వెళ్లడం, గోలుపోస్టు వెనక చెక్కకు టక్కున తగలడం రెండూ అయిపోయాయి. మన జిల్లా మ్యాచ్‌లలో ఆ మూడు సెకన్లకు శిక్ష వేసేవాళ్లు లేరు. అందుకే ఆ అలవాటు ఉందని వాడికే తెలియదు. లీగ్‌లో పదిహేను నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చుకోవచ్చు. అలసినవాడు బయటికి పోతాడు, ఊపిరి నిండినవాడు లోపలికి వస్తాడు. మూడు సెకన్లంటే అక్కడ చాలా పెద్ద మాట.

ఆ లీగ్ ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. 2013లో మొదలై, 2017 తర్వాత ఆగిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ లేచింది. మన హైదరాబాద్ తూఫాన్స్ ఆ సీజన్‌లో ఫైనల్ దాకా వెళ్లి, రవుర్కెలాలో బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది. అప్పుడు జట్టుకు 24 మంది. అందులో ఎనిమిది మంది విదేశీయులు. నలుగురు జూనియర్లు తప్పనిసరిగా ఉండాలన్నారు. ఈ నలుగురి మాట విన్నప్పటి నుంచే మన ఊళ్లో ఆశ పెరిగింది. కాదనను. కానీ ఎదురుగా ఎవరుంటారు? తూఫాన్స్ కొనుక్కున్న గొంజాలో పెయ్యా అర్జెంటీనాకు ఆడి 2016 రియో ఒలింపిక్స్‌లో 11 గోల్స్ కొట్టాడు, తర్వాత జర్మనీకి ఆడి 2023లో ప్రపంచకప్ గెలిచాడు. అతను పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ విసిరితే, అంటే బంతిని స్టిక్‌తో ఈడ్చి గోలు మీదికి విసిరితే, ముఖానికి మాస్కు కట్టుకుని ఎదురు పరుగెత్తాల్సింది వీడిలాంటి కుర్రవాడే. బంతి బరువు క్రికెట్ బంతంత. వేగం గంటకు వంద కిలోమీటర్ల పైమాట.

"రాణీ రాంపాల్ పద్నాలుగేళ్లకే భారత జట్టుకు ఆడలేదా?" అని మొన్న ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. ఆడింది. కానీ ఆమె పెరిగింది హర్యానాలోని షాహాబాద్ మైదానంలో. కోచ్ బల్దేవ్ సింగ్ అక్కడ ఎందరో ఆడపిల్లలను భారత జట్టుకు తయారుచేశారు. ఆ అమ్మాయి రోజూ తనకంటే గట్టివాళ్ల మధ్యే ఆడింది. మనవాడు రోజూ తనకంటే మెత్తనివాళ్ల మధ్య ఆడుతున్నాడు. అసలు తేడా అక్కడుంది, వయసులో కాదు. గోల్‌కీపర్ శ్రీజేష్ సంగతి చూడండి. 2006లోనే సీనియర్ జట్టులోకి వచ్చినా, గోలుపోస్టు ముందు స్థానం ఖాయం కావడానికి ఐదేళ్లు పట్టింది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా రజని రియోకూ టోక్యోకూ వెళ్లింది, రెండుచోట్లా సవిత వెనక రెండో గోల్‌కీపర్‌గానే. గోల్‌కీపర్లకు బెంచీ మీద కూర్చోవడం కూడా చదువే. మిడ్‌ఫీల్డర్‌కు కాదు, వాడికి మ్యాచ్‌లు కావాలి.

అందుకని నా మాట ఇది: ఈ ఏడు వద్దు. వాళ్ల నాన్నగారు ముందు వరుసలో ఉన్నారు, ఆయనకు నా మీద కోపం రావచ్చు. వేలంలో పేరు పలికితే ఇంటికి వచ్చే డబ్బు చిన్నదేమీ కాదని నాకూ తెలుసు. కానీ ఏడాది పాటు చెన్నైలో గది తీసుకుని, పెద్ద కుర్రాళ్లతో టర్ఫ్ మీద నలభై మ్యాచ్‌లు ఆడనివ్వండి. గది అద్దె, భోజనం, టర్ఫ్ బూట్లు, రెండు స్టిక్‌లు. ఆ లెక్క కాగితం నా జేబులో ఉంది, సభ అయ్యాక టీ దగ్గర చూపిస్తాను. లీగ్ గురించి ఉత్సాహంగా మాట్లాడినవాళ్లు దయచేసి టీ తాగకుండా వెళ్లవద్దు.

ఇంకొక్క మాట. ఆ రోజు తిరుగు రైలులో గూడూరు దాటేదాకా వాడు నోరు విప్పలేదు. తర్వాత, "సార్, బంతి పోయాక ఇవాళ ఆరుసార్లు నిలబడిపోయాను" అన్నాడు. నేను దాని గురించి వాడితో ఒక్క మాట కూడా అనలేదు. పైగా నేను లెక్కపెట్టింది ఐదే. ఆ ఆరోది ఎప్పుడో నాకింకా అంతుపట్టలేదు.