హెయిర్ ప్యాచ్ రివ్యూ: లుక్ అదిరింది, కానీ ఆ టేప్‌తో నేను పడలేను

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్యాచ్, అంటే నెత్తి మీద పల్చబడ్డ చోట కప్పే చిన్న విగ్గు, నేను కొనలేదు, కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులైతే ఇవ్వలేదు. వీడియోలో ఏం చెప్పాలో రాసి ఒక కాగితం కూడా డబ్బాలో పెట్టారు, అందులో 'నేచురల్ లుక్' అనే మాట లైను లైనుకీ ఉంది. దాన్ని పక్కన పడేశా. సైజులు, బేస్ రకాలు, రంగు నంబర్లు, రేటు ఇవన్నీ మీరు వాళ్ల సైట్‌లోనో వేరే వీడియోల్లోనో చూసే వచ్చుంటారు, నేను మళ్లీ చదవను. ముందు భాగం లేసు, అంటే సన్నటి వల గుడ్డ, మిగతాది పల్చటి పాలీ బేస్, అంటే చర్మంలా ఉండే ప్లాస్టిక్ పొర, జుట్టు నిజమైన మనిషి జుట్టే. ఇంత తెలిస్తే చాలు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నా తల సంగతి ఒక్క ముక్కలో. ఇంజినీరింగ్‌లో ఉండగానే నుదురు రెండు పక్కలా పైకి పోవడం మొదలైంది, ఇప్పుడు నడినెత్తి కూడా పల్చబడింది. డాక్టర్లు మగవాళ్ల బట్టతలని నార్వుడ్ స్కేల్ అని 7 దశలుగా చూస్తారు, నాది 4 అన్నారు. అంటే చెవుల పైన, వెనక ఫుల్లుగా ఉంది, పైన ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఈ 'కొంచెం మిగిలి ఉంది' అనేది గుర్తుపెట్టుకోండి, గొడవంతా దాని గురించే.

ఇంట్లో అయితే ఇది మేనమామ పోలిక అని నాన్న అంటాడు, మీ నాన్న నెత్తి చూసుకోరా అని అమ్మ అంటుంది. ఇద్దరి మాటా కొంత కొంత నిజమే. మగ హార్మోన్‌కి స్పందించే ఆండ్రోజన్ రిసెప్టర్ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది మనకి అమ్మ నుంచే వస్తుంది. కానీ బట్టతల వెనక అదొక్కటే లేదు, చాలా జీన్లు ఉన్నాయి, వాటిలో నాన్న వాటా కూడా ఉంటుంది. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ నుంచి డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్ తయారవుతుంది, దాని దెబ్బకి ముందు వైపు, పై వైపు కుదుళ్లు ఏడాదికేడాది చిన్నవైపోతాయి. వెనకవి తట్టుకుంటాయి. హాస్టల్ బోరు నీళ్లు, హెల్మెట్, జెల్, వీటిని తిట్టుకుంటూ కూర్చోవద్దు. అలాగని ఊడిన ప్రతి జుట్టూ బట్టతల కాదు, డెంగీయో టైఫాయిడో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి గుత్తులు గుత్తులుగా ఊడుతుంది, అది చాలావరకు దానంతట అదే మళ్లీ వస్తుంది. అలాంటి టైంలో టెన్షన్ పడి ప్యాచ్ ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు, ఆగండి బాబూ.

సరే, ప్యాచ్. దీంట్లో నాకు పిచ్చిగా నచ్చింది హెయిర్‌లైన్, అదే నుదుటి మీద జుట్టు మొదలయ్యే అంచు. ఈ ముక్క చాలాసేపు మాట్లాడతా, బోర్ కొడితే ముందుకి లాక్కోండి.

ప్యాచ్ పెట్టుకున్నవాడు ఎందుకు దొరికిపోతాడో తెలుసా? జుట్టు తక్కువై కాదు, ఎక్కువై. ఫంక్షన్‌లో మీరు చూసే ఉంటారు, ముప్పై ఐదేళ్ల మనిషికి నుదుటి మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే గీత, ఆ గీత నుంచే నల్లగా దట్టంగా మొదలవుతుంది. దేవుడిచ్చిన జుట్టు అలా ఉండదు. మొదటి వరసలో సన్నటి వెంట్రుకలు ఒక్కొక్కటిగా, దూరం దూరంగా ఉంటాయి, దాని వెనక మెల్లగా చిక్కబడుతుంది, గీత కూడా అక్కడక్కడా వంకరగా ఉంటుంది, కణతల దగ్గర కాస్త లోపలికి పోయి ఉంటుంది. పెద్ద వయసొచ్చేకొద్దీ అది ఇంకొంచెం పైకి పోవడం మామూలే. మనవాళ్లు ప్యాచ్ కొనేటప్పుడు డబ్బులు పెడుతున్నాం కదా అని ఇంకా దట్టంగా, ఇంకా కిందకి కావాలంటారు, షాపువాడు సరే సార్ అంటాడు. ఇందులో అలా లేదు. ముందు అంచు నిజంగా పల్చగా ఉంది. లేసులో ఒక్కో వెంట్రుకనీ చేత్తో ముడి వేస్తారు, ఆ ముడి నల్ల చుక్కలా కనిపించకుండా బ్లీచ్ చేస్తారు, చవక ప్యాచ్‌లలో ఈ పని సరిగ్గా చేయరు, ట్యూబ్‌లైట్ కింద నిలబడితే నుదుటి మీద నువ్వులు చల్లినట్టు ఉంటుంది. దీంట్లో దగ్గరగా కెమెరా పెట్టినా చుక్కలు కనబడట్లేదు, ఇదిగో చూడండి, ఫిల్టర్ ఏమీ లేదు.

ఒక్క లోపం, లేసు రంగు. నా రంగుకి అది తెల్లగా, అంచు దగ్గర సన్నటి పాలమీగడ గీతలా తేలింది. విగ్గులు వాడేవాళ్లకి పాత చిట్కా ఒకటుంది, చిక్కటి టీ డికాషన్‌లో, పాలు పోయకుండానండోయ్, లేసుని కాసేపు నాననిస్తే రంగు పడుతుంది. చేశా, కలిసిపోయింది. ఇంత రేటు పెట్టి అమ్మేవాళ్లు మన చామనఛాయకి ఒక లేసు పంపలేరా? మన దేశంలో అమ్ముతూ ఎవరి నుదురు చూసి తయారుచేస్తున్నారో అర్థం కాదు.

జుట్టు కూడా బాగుంది. మొదలు నుంచి చివర వరకు ప్రతి వెంట్రుక మీదా ఉండే సన్నటి పొలుసులన్నీ ఒకే వైపు ఉండేలా పెట్టిన దాన్ని రెమీ అంటారు, అలా లేకపోతే నాలుగు స్నానాలకే ఉండలు కడుతుంది. ఆ లోపం కప్పిపెట్టడానికి సిలికాన్ పూత పూస్తారు, కొత్తలో తళతళలాడుతుంది, పూత పోయాక కొబ్బరి పీచే. ఇది చిక్కుపడలేదు. అన్నట్టు తిరుమల కల్యాణకట్టలో మనం ఇచ్చే తలనీలాలు టీటీడీ వేలం వేస్తుంది, ఆ జుట్టు ఎక్కడెక్కడికో పోయి విగ్గులవుతుంది. చిన్నప్పుడు అమ్మానాన్న నా చేత ఎన్ని గుండ్లు చేయించారో! అప్పుడు స్వామికి ఊరికే ఇచ్చాం, ఇప్పుడు ఎవరి మొక్కో వేలల్లో కొనుక్కుంటున్నాం.

ఒకటి గమనించండి, ప్యాచ్ జుట్టుకి కుదురు లేదు కాబట్టి నూనె అందదు, ఎండకి రంగు మారుతుంది. పక్కల నాది నల్లగానే ఉంది, పైన మాత్రం ఎర్రబారుతోంది.

ఇప్పుడు నా మంట. టేప్.

ప్యాచ్ నిలబడటానికి మూడు దారులు: క్లిప్పులు, రెండు వైపులా అంటుకునే టేప్, జిగురు. వీళ్లు పంపింది టేప్‌ది, 'ఈత కొట్టండి, జిమ్ చేయండి' అని డబ్బా మీద రాశారు. ఈత సంగతి దేవుడెరుగు, మే నెలలో బెజవాడలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర హెల్మెట్ పెట్టుకుని నిలబడి చూడమనండి. చెమట నెత్తి మీద నుంచి కిందకి కారి టేప్ అంచు దగ్గర ఆగుతుంది, దానికి పోయే దారి లేదు. జిగురు మెత్తబడి తెల్లగా పాకుతుంది, ముందు అంచు లేస్తుంది, హెల్మెట్ తీసేటప్పుడు గుండె గొంతులోకి వస్తుంది. ఆఫీసులో ఎవరైనా సరదాగా తల మీద చెయ్యి వేసినా వెనక్కి తప్పుకుంటాం. నాలుగు వారాలు ఉంటుందన్నది వారం తిరక్కుండానే ముందు వైపు లేచింది. లోపల దురద. గోకలేం, పైనుంచి తట్టుకోవాలి, మెట్రోలో తల తట్టుకుంటున్నవాడిని జనం ఎలా చూస్తారో మీకు తెలుసు. తీసేటప్పుడు ఆ రిమూవర్ స్ప్రే వాసన, బేస్‌కి అంటుకున్న జిగురు గోకడం, ఆదివారం పొద్దున మొత్తం దానికే. సెలూన్‌లో చేయించుకుంటే నెలనెలా సర్వీసింగ్ ఖర్చు, అది ప్యాకేజీ రేటులో కలపరు, అడిగి తెలుసుకోండి. ఇంకో మాట, టేపైనా జిగురైనా ముందు చేతి మీద చిన్న ముక్క అంటించి ఒక రోజు చూడండి, కొందరికి చర్మం ఎర్రగా పొంగుతుంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చేమో. అసలు సంగతి వేరే ఉంది, అది వాళ్ల వీడియోలో స్పీడ్ పెంచి దాటించేశారు. టేప్ లేదా జిగురు అంటాలంటే పైన మిగిలిన జుట్టుని ట్రిమ్మర్‌తో గీసేయాలి. పైన ఏమీ లేనివాళ్లకి పర్లేదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి, ఇంకా పైన సగం ఉన్నవాడికి? గీసేస్తే మళ్లీ మొలుస్తుంది, నిజమే, కానీ ప్యాచ్ ఉన్నన్నాళ్లూ గీస్తూనే ఉండాలి, పైగా జుట్టు ఊడటం తగ్గించే మందు రోజూ రాయడం కుదరదు. అంటే పల్చబడుతున్నదాన్ని ఆపే పని వదిలేసి కప్పే పని మొదలుపెట్టినట్టు. నేనేమో అలా తలకి రాసే మందే, మినాక్సిడిల్, వాడుతున్నా, అందుకే ఈ టేప్ వెర్షన్‌తో నాకు పడలేదు, క్లిప్పులది విడిగా తెప్పించుకున్నా.

మినాక్సిడిల్ గురించి పాత వీడియోలో చెప్పా, మళ్లీ అడుగుతున్నారు కాబట్టి కొంచెం. అది మొదట బీపీ మాత్ర. వేసుకున్నవాళ్లకి ఒంటి మీద జుట్టు పెరుగుతోందని గమనించి తలకి రాసే మందు చేశారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట్లో కొన్ని వారాలు ఇంకా ఎక్కువ ఊడుతుంది, చాలామంది భయపడి అక్కడే మానేస్తారు. నాలుగు నుంచి ఆరు నెలలు వాడితేగానీ పనిచేస్తోందో లేదో తెలియదు, మానేస్తే వచ్చిందంతా కొన్ని నెలల్లో పోతుంది. నీళ్ల మందుకి నాకు నెత్తి మండేది, అందులో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ కొందరికి పడదు, నురగలా వచ్చే ఫోమ్ రకంలో అది ఉండదు, మారాక హాయిగా ఉంది. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం జాగ్రత్త, దానికి ఇది విషం, దిండు మీద అంటినా ప్రమాదమే. డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టరైడ్ మాత్ర సంగతి నన్ను అడక్కండి, కొందరికి సెక్స్ పరంగా ఇబ్బందులు వస్తాయి, అది స్కిన్ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాల్సిన విషయం, మెడికల్ షాపులో కాదు.

క్లిప్పుల దానికీ ఒక చిక్కుంది. క్లిప్ పట్టుకునేది మన జుట్టునే, రోజూ ఒకేచోట లాగితే ఆ చోట కూడా ఊడుతుంది. కాబట్టి రోజంతా, రోజూ కాదు. నేను షూటింగ్ ఉన్నప్పుడు, పెళ్లిళ్లకి పెడుతున్నా, రాత్రి తీసేసి ఫోమ్ రాసుకుని పడుకుంటున్నా. ఆఫీసుకి మామూలుగా పొట్టి క్రాఫ్‌తోనే వెళ్తున్నా, పక్కలు బాగా తగ్గించి కట్ చేయిస్తే పైన పల్చదనం అంతగా కొట్టదు, ఇది ఫ్రీ సలహా.

పెళ్లిచూపులకి పెట్టుకెళ్లొచ్చా అని ప్రతి వీడియో కింద అడుగుతారు. పెట్టుకెళ్లండి, కానీ ఆ రోజే అమ్మాయితో చెప్పండి. తెల్లారి లేస్తే తెలిసేదాన్ని దాచి లగ్గం పెట్టించుకోవడం ఏం తెలివి? మ్యారేజ్ బ్యూరో ఫోటోకి కూడా ప్యాచ్ లేనిది ఒకటి కలిపి పంపండి. మా పిన్ని దీనికి అస్సలు ఒప్పుకోలేదు, అది వేరే కథ.

కాబట్టి, లేసు హెయిర్‌లైన్‌కి నా వైపు నుంచి పూర్తి మార్కులు, ఇంత బాగా చేసిన అంచు నేను చూడలేదు. టేప్ వెర్షన్ మాత్రం కోస్తా ఎండల్లో బైక్ మీద తిరిగేవాడికి నేను చెప్పను. పైన ఇంకా జుట్టున్న కుర్రాళ్లకి అసలే చెప్పను. ఆ ప్యాచ్ డబ్బుల్లో కొంత తీసి ముందు స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కంపెనీ వాళ్లు ఇచ్చిన కూపన్ కోడ్ డిస్క్రిప్షన్‌లో ఉంది, తీసుకుంటే క్లిప్పులది తీసుకోండి, ఈ రివ్యూ చూశాక ఆ కోడ్ పనిచేస్తుందో లేదో నాకు తెలియదు.

బెజవాడ, గుంటూరు, నెల్లూరు వైపు ఎండల్లో టేప్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఏ టేప్ వాడుతున్నారో కామెంట్‌లో పెట్టండి, నిజంగా కావాలి. ఉల్లిపాయ రసం, నూనెల పేర్లు మాత్రం దయచేసి పెట్టకండి.