మాత్ర వేసుకుంటున్నా నంబరు ఎందుకు పెరుగుతుంది?

అందరికీ నమస్కారమండీ. సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ గురించి మాట్లాడమన్నారు, సూటిగా విషయానికే వచ్చేస్తా, ఎందుకంటే ఓపీలో ఎక్కువమంది నన్ను అడిగేది ఇదే, "డాక్టరుగారూ, ఒంట్లో బాగానే ఉంది, తెల్లకణాలూ నార్మలే, మరి పీసీఆర్ రిపోర్టులో నంబరెందుకు పెరిగింది?" అని. పీసీఆర్ అంటే రక్తంలో ఈ జబ్బు ఇంకా ఎంత మిగిలిందో కొలిచే పరీక్ష.

9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్ పుడుతుంది, అది తెల్లకణాల్ని పెరగమని పురమాయిస్తూనే ఉంటుంది. 2001లో వచ్చిన ఇమాటినిబ్ అనే మాత్ర దాని పని ఆపేసింది. అంతకుముందు చాలామందికి కొన్నేళ్లలోనే జబ్బు ముదిరి బ్లాస్ట్ క్రైసిస్ అయ్యేది, అంటే బ్లాస్టులనే పక్వం కాని కణాలు విపరీతంగా పెరిగిపోయేవి, ఇప్పుడలా బాగా తక్కువ, అసలు లేదని మాత్రం కాదు.

ఆ పీసీఆర్ నంబరు మామూలుగా మందు మొదలెట్టిన 3 నెలలకి 10 శాతం లోపుకి, 6 నెలలకి 1 లోపుకి, ఏడాదికి 0.1 లోపుకి దిగాలి. ఒకసారి కాస్త పెరిగిందని కంగారుపడకండి, ల్యాబ్‌లో కొంచెం తేడా వస్తూనే ఉంటుంది, అందుకే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించమంటాం. వరసగా పెరుగుతోందంటే మాత్రం ఊరుకోకూడదు.

నేను మందు మార్చేముందు అడిగేది స్ట్రిప్పులు. ఒకాయన ఫైల్ తీస్తే అందులోంచి సగం వాడిన స్ట్రిప్పులు మూడు జారి కింద పడ్డాయి, కాళ్లు పట్టేస్తున్నాయని శని, ఆదివారాలు మానేశారట పాపం, ఆ మాట నాకు చెప్పడానికి మొహమాటపడ్డారు. ఇంకొకావిడ ఇమాటినిబ్ లాంటిదే అయిన డాసాటినిబ్ సరిగ్గానే వేసుకుంటున్నారు, కానీ దాంతోపాటు రోజూ గ్యాస్ మాత్ర, కడుపులో యాసిడ్ తగ్గితే డాసాటినిబ్ ఒంటికి సరిగా పట్టదు! ఇవేవీ రెసిస్టెన్స్, అంటే జబ్బు మందుకి లొంగకపోవడం, కాదు, మనం సరిచేసుకోగలిగేవే.

అన్నీ సరిగ్గా ఉన్నా పెరిగితే మ్యుటేషన్ టెస్ట్ చేయిస్తాం, అంటే బీసీఆర్-ఏబీఎల్‌లో మార్పేమైనా వచ్చిందా అని చూస్తాం. అందులో టీ315ఐ అనే మార్పు వస్తే ఇమాటినిబ్, డాసాటినిబ్, అదే కోవలోని నైలోటినిబ్ ఏదీ పనిచేయదు, అప్పుడు పొనాటినిబ్ ఉంది, దాంతో గుండె, రక్తనాళాలు జాగ్రత్తగా చూసుకోవాలి, అసిమినిబ్ కూడా ఉంది, అది ప్రోటీన్‌కి వేరే చోట అతుక్కుంటుంది. రిపోర్టు రాకుండా ఏదో ఒకటి మార్చేద్దామనే తొందర మా డాక్టర్లలోనూ ఉందనుకోండి, నాకది నచ్చదు.

మందు వాడుతున్నా ప్లీహం పెరగడం, తగ్గని జ్వరం, బరువు పడిపోవడం, రక్తంలో బ్లాస్టులు ఎక్కువగా కనపడటం, ఇవి ముదిరిన దశ గుర్తులు కావచ్చు, అక్కడిదాకా వస్తే మూలకణ మార్పిడి గురించి మాట్లాడాల్సి వస్తుంది. పీసీఆర్ నంబరు సాధారణంగా వీటికంటే ముందే పెరుగుతుంది కాబట్టే దాన్ని 3 నెలలకోసారి చూస్తాం.

మైక్ వెనక వరసకివ్వండి, అక్కడెవరో ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉన్నారు.